సుత్తి పద్యానికి టీకా తాత్పర్యం

నేల జూచి మేకు నేర్పుతో నెంచుము
మేకు జూచి సుత్తి మేలు నెంచు
తేలికన్న మాట తేలికగా నమ్మ
గాలి రాత్రి డేర గంతులేయు

టీక: నేల జూచి = డేరా వేయబోయే చోటు రేగడో, చెలకో, ఇసుకో, రాతిపరుపో పరీక్షించి; మేకు = డేరా తాళ్లను భూమికి బిగించే సాధనాన్ని; నేర్పుతో నెంచుము = తెలివిగా ఎంచుకో; మేకు జూచి = ఆ మేకు బరువునూ పొడవునూ లోహాన్నీ చూసి; సుత్తి మేలు నెంచు = సుత్తి మంచిచెడ్డలు లెక్కపెట్టు; తేలికన్న మాట = అట్టపెట్టె మీద అచ్చువేసిన ‘తేలిక’ అనే విశేషణాన్ని; తేలికగా నమ్మ = వెనకాముందూ చూడక నమ్మితే; గాలి రాత్రి = గాలి వీచే రాత్రివేళ; డేర = గుడారం; గంతులేయు = ఎగిరెగిరి పడుతుంది.

తాత్పర్యం: నేలను బట్టి మేకును, మేకును బట్టి సుత్తిని కొనాలి, ఈ వరస తిరగేసినవారి డేరా గాలిపాలవుతుంది.

ఈ ఆటవెలదికి కర్తా వ్యాఖ్యాతా ఒకరే కాబట్టి కవిహృదయం కోసం తల పట్టుకోనక్కరలేదు. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ప్రతిజ్ఞ పట్టి మన మెదకుసీమ మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాశాడు. ఇక్కడి వ్యాఖ్యాత మొదటి సగానికి కట్టుబడతాడు. రెండో సగానికి మాటివ్వలేడు. మూడో పాదంలో ‘తేలిక’ రెండుసార్లు వచ్చింది. మొదటిది బరువుకు సంబంధించింది, రెండోది బుద్ధికి సంబంధించింది. అర్థభేదం ఉంది గనక యమకం. అలంకారం కోసం కాదు గానీ, పద్యం బరువంతా ఈ పాదం మీదే ఉంది. తేలిక అనేది సుత్తికి పుట్టుకతో వచ్చిన గుణమా, పక్కవాడిని బట్టి వచ్చే గుణమా? ఛందస్సు ఎరిగినవారికి జవాబు తెలిసే ఉంటుంది. ‘సు’ విడిగా నిలబడితే లఘువే. దాని పక్కకు ద్విత్వాక్షరం ‘త్తి’ వచ్చి చేరగానే గురువై కూర్చుంటుంది. కాబట్టి సుత్తి అనే మాటే సుత్తి లక్షణం చెబుతోంది: లఘువో గురువో తేల్చేది పక్కనున్నదే. డేరా దగ్గర ఆ పక్కనున్నది మేకు.

దీనికి ప్రమాణం తూనిక. డేరా సామాన్లు అమ్మే ఎంఎస్ఆర్ వారి గ్రౌండ్‌హాగ్ అనే అల్యూమినియం మేకు 19 సెంటీమీటర్ల పొడవు, 13 గ్రాముల బరువు. ఒక చిన్న డేరాకు ఎనిమిది మేకులనుకుంటే మొత్తం 104 గ్రాములు. అదే సంస్థ అమ్మే మేకుల సుత్తి, ఉక్కు తల, అల్యూమినియం పిడితో దాదాపు 312 గ్రాములు తూగుతుంది. అంగట్లో చేత పట్టుకుంటే పువ్వులా ఉంటుంది. వీపు సంచిలో వేస్తే తాను కొట్టబోయే మేకులన్నిటికీ మూడింతలు తూగుతుంది. సేవకుడు యజమానికి మూడింతలుండగా అతణ్ణి తేలికవాడని ఎవరంటారు? ఇక జపాన్‌లోని స్నో పీక్ వారి పోత పోయకుండా సాగగొట్టిన ఉక్కు మేకు 30 సెంటీమీటర్లు, 180 గ్రాములు. ఎనిమిది కలిస్తే కిలో 440 గ్రాములు. వాటికి జోడుగా చేసిన రాగి తల సుత్తి దాదాపు 680 గ్రాములు. మేకుల బరువులో సగం కూడా లేదు. అంటే 312 గ్రాముల సుత్తి బరువైనదీ, 680 గ్రాముల సుత్తి తేలికైనదీ అయింది. (13 గ్రాముల మేకును ‘లఘుశంకు’ అని సంస్కృతీకరించాలని ఉబలాటపడేవారు చివరి ఉకారాన్ని గట్టిగా పలకాలి, అది జారిపోతే అర్థం డేరా వెనక చీకట్లోకి పోతుంది.)

మోసే బరువు సంగతి సరే, కొట్టే బరువు మాటేమిటి? భవనాల పునాదులకు పైల్స్ దించే ఇంజనీర్లు హైలీ సూత్రమని ఒకటి వాడతారు. అందులోంచి మన పనికి వచ్చే ముక్క ఇంత: దెబ్బకు సుత్తి తిరిగి ఎగరదనుకుంటే, సుత్తి శక్తిలో దిగే పనికి మిగిలే భాగం, సుత్తి బరువును సుత్తి, మేకు బరువుల మొత్తంతో భాగిస్తే వచ్చినంత. 13 గ్రాముల మేకును 312 గ్రాముల సుత్తితో కొడితే నూటికి 96 పాళ్లు దక్కుతాయి. 680 గ్రాముల సుత్తితో కొడితే 98. రెండు పాళ్ల కోసం రెట్టింపు బరువు మోయడం తెలివి కాదు, పైగా ఆ దెబ్బకు సన్నటి మేకు వంగుతుంది. అదే 180 గ్రాముల ఉక్కు మేకు దగ్గర చిన్న సుత్తి 63 పాళ్లు ఇస్తే పెద్దది 79 ఇస్తుంది. కనుక ‘మేకు జూచి’ అన్న రెండో పాదం కవి సరదాకు రాసింది కాదు, లెక్క చూసి రాసింది.

ఇక్కడ పూర్వపక్షి లేచి, దెబ్బ శక్తి బరువుకు మామూలు పాళ్లలో పెరిగితే వేగానికి వర్గం పాళ్లలో పెరుగుతుంది కదా, తేలిక సుత్తిని విసురుగా కొడితే పోలేదా అంటాడు. బడి పాఠం సరైనదే. బడిలో చెయ్యిని లెక్కలో వెయ్యలేదు. అరవై కిలోల మనిషికి మోచేతి నుంచి వేళ్ల దాకా దాదాపు కిలో 300 గ్రాములుంటుంది. విసిరేది సుత్తిని మాత్రమే కాదు, దీన్ని కూడా. సుత్తిని 680 నుంచి 312కు దించినా, కదిలే మొత్తం దాదాపు రెండు కిలోల నుంచి 1.6కే దిగుతుంది. మోటు లెక్కన అదే శ్రమకు వేగం పదో వంతో, కాస్త ఎక్కువో పెరుగుతుంది. బరువులో పోయిన శక్తి తిరిగి రావాలంటే వేగం ఒకటిన్నర రెట్లు కావాలి. డేరా మూల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తలపైకి తాడు అడ్డం వస్తూండగా, ఆ విసురు ఎక్కడిది? తేలిక చేయదలిస్తే పిడిని తేలిక చేయాలి, తలను కాదు. అందుకే మంచి సుత్తులకు పిడి అల్యూమినియంతోనో కర్రతోనో ఉంటుంది, బరువంతా తలలో ఉంటుంది. మనుషుల విషయంలో దీన్ని అన్వయించడం వ్యాఖ్యాతకు ఇష్టం లేదు.

రెండో పూర్వపక్షం మరింత గట్టిది: చుట్టూ రాళ్లుండగా సుత్తి దేనికి? రాయిని మోయనక్కరలేదు, కొననక్కరలేదు. దీనికి సమాధానం మొదటి పాదంలోనే ఉంది: ‘నేల జూచి’. గండికోటలో పెన్న లోయ అంచున పరుచుకున్న క్వార్ట్‌జైట్ పరుపు మీద రాళ్లకు కొదవ లేదు. మేకు దిగడానికి మట్టే లేదు. అక్కడ తాడును బండకే కట్టాలి. సూర్యలంక ఇసుకలో మేకు చేత్తోనే దిగుతుంది, చేత్తోనే వస్తుంది కూడా. సంచిలో ఇసుక నింపి తాడు కట్టి పాతిపెడితే అంతకన్నా మేలు. వాన పడ్డ రేగడిలో చెప్పుకాలితో నొక్కితే చాలు. రాయి దొరికే చోట మేకు దిగదు, మేకు దిగే చోట రాయి దొరకదు. రెండూ కలిసొచ్చేది మొరం నేలలోనూ ఎండిన చెలకలోనూ. అక్కడ రాయి పనిచేస్తుందనే ఒప్పుకోవాలి. కాకపోతే రాతి ముఖం చదునుగా ఉండదు, దెబ్బ పక్కకు జారుతుంది, ప్లాస్టిక్ మేకు తల పెచ్చులూడుతుంది, బొటనవేలు తెలిసొస్తుంది. అంతకన్నా రైతు పద్ధతి మేలు. గుంజ పాతేటప్పుడు అతడు ముందు గడ్డపారతో గుంత చేస్తాడు, గుంజను దించడం తరవాత. గట్టి నేలకు వెళ్లేవారు ఒక్క ఉక్కు మేకు వెంట తీసుకెళ్లి, దాన్ని కొట్టి పెరికి, ఆ కన్నంలో అల్యూమినియం మేకు దించితే ఎనిమిదీ వంగకుండా ఉంటాయి. సుత్తి అప్పుడు ఆ ఒక్క మేకుకు జవాబు చెబితే చాలు.

ఇదంతా ఉత్త సుత్తి అనేది మూడో ఆక్షేపణ. ఆ మాటకు విసుగెత్తించే వాగుడనే అర్థాన్ని దర్శకుడు జంధ్యాల 1982లో ‘నాలుగు స్తంభాలాట’ సినిమాతో ఊరూరా పాకించాడు, వీరభద్రరావు, వేలు అనే ఇద్దరు నటులకు ఆ మాట ఇంటిపేరైంది. వ్యాఖ్యాత దీన్ని ఖండించడు. ఒకే చోట పదేపదే కొట్టడమే సుత్తి ధర్మం గనక ఆక్షేపణ సైతం లక్షణవాక్యమే అవుతుంది.

విశేషం: పద్యం దించడం గురించే చెప్పింది, పెరకడం గురించి నోరెత్తలేదు. ఇది మూలంలోని లోపం, కవి వ్యాఖ్యాతకు ఆప్తుడే అయినా దాచలేం. దిగిన మేకు తెల్లారి ఊడి రావాలి, అదీ మంచుకు తడిసి మన్ను పట్టేశాక. కనుక తల వెనక కొక్కెం లేని సుత్తి ఎంత తేలికైనా సగం సుత్తే. ఎంఎస్ఆర్ సుత్తికి కొక్కెంతోపాటు సీసా మూత తీసే సాధనం కూడా అమర్చారు; దాన్ని పద్యంలో ఎక్కడ ఇమిడ్చినా గణం తప్పుతోంది.