ఈగ పద్యానికి కువైటు టీక

మూలం

ఆ. ఈగ వచ్చి వాలె నెండదేశంబున
కూటిపళ్ళెమందు కోర్కెతోడ
పేరు లేని దాని పిలుచువారెవ్వరో
మీసమెంచి చూడ మేలు గాదె

టీక

ఎండదేశంబున = కువైటులో. రెంటచింతల అని కొందరు చెప్పే అర్థం అభిమానమే గాని ప్రమాణం కాదు. 2016 జులైలో కువైటు మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది.

కూటిపళ్ళెమందు = శుక్రవారం ఫర్వానియా గదిలో కడపవాళ్ళూ కోనసీమవాళ్ళూ కలిసి కూర్చున్న పళ్ళెంలో. పప్పులో పులుపు ఎంతన్న వివాదం ఇక్కడ అప్రస్తుతం.

ఈగ = రెండే రెక్కలున్నది. వెనక జత కుంచించుకుపోయి, ఎగిరేటప్పుడు తూకం నిలిపే బొడిపెలయింది. ఈ లక్షణం వల్ల దోమ కూడా ఈగల వంశమే.

మీసము = మూతి పక్కన మొలిచే బిరుసు వెంట్రుక. ఈగ ఒంటిమీద ఇలాంటి ముఖ్యమైన వెంట్రుకలన్నిటికీ పేర్లున్నాయి. వాటి అమరికను శాస్త్రంగా నిలబెట్టినవాడు ఓస్టెన్-సాకెన్, అమెరికాలో రష్యా దౌత్యాధికారిగా పనిచేసినవాడు. ఈ పని ఆ కొలువు మానాక చేసిందే. వెంట్రుకలూ రెక్క ఈనెలూ తేల్చలేనప్పుడు మగ ఈగ జననాంగాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తారు. ఇందులో శృంగార రసం వెతకరాదు.

పేరు లేని దాని = ఇక్కడ పూర్వపక్షం: పళ్ళెంలోది మస్కా డొమెస్టికా, లినేయస్ 1758లోనే పేరు పెట్టాడు గదా? నిజమే. కవి చూపు పళ్ళెం దాటి ఎడారి మీద ఉందని సమాధానం. పేరు పొందిన ఈగజాతులు లక్షన్నర దాటినా, పొందనివి ఇంకా ఎన్నో ఉన్నాయి.

పిలుచువారు = నామకర్త; కువైటు పరిభాషలో కఫీల్, అంటే పూచీదారు. అకామా (నివాస అనుమతి) లేని మనిషిలాగే, వర్ణన అచ్చుకాని ఈగ ఉండీ లేనట్టే. ఒక నమూనాను సూదికి గుచ్చి, ఆనవాయితీగా ఎర్ర చీటీ తగిలించి, మ్యూజియంలో దాచి, లక్షణాలు అచ్చువేయాలి. అప్పటినుంచి పేరు వెనక కఫీల్ పేరు ఉంటుంది. ఈగ వేరే ప్రజాతికి రిలీజ్ తీసుకుంటే పాత కఫీల్ పోడు, బ్రాకెట్లలోకి వెళ్తాడు. మన్నుదోమకు స్కోపోలి 1786లో బిబియో పపటాసి అని పేరు పెట్టాడు. అది ఫ్లెబోటమస్‌లోకి మారగానే ఆయనకు బ్రాకెట్లు పడ్డాయి. గొర్రెల ముక్కుల్లో పిల్లల్ని చిమ్మే ఈస్ట్రస్ ఒవిస్ ప్రజాతిని మార్చలేదు. లినేయస్ బ్రాకెట్లు లేకుండా నిలిచాడు. ఈ ఈగ అప్పుడప్పుడు మనిషి కంట్లోనూ చిమ్ముతుంది. గల్ఫ్ యుద్ధానికి ముందూ తర్వాతా కువైటులో అలాంటి కేసులు దొరికాయని 1993లో వైద్యులు రాశారు. మజ్రాల్లో (పొలాల్లో) గొర్రెలు కాసే మనవాళ్ళు ఈ పాదాన్ని రెండుసార్లు చదవాలి.

మేలు గాదె = మళ్ళీ పూర్వపక్షం: 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆ దోమ శాస్త్రనామం ఆయనకు తెలియదు, మచ్చల రెక్కలదన్నాడు. అయినా 1902లో నోబెల్ వచ్చింది. మరి మీసాలెందుకు? సమాధానం: బహుమతికి మచ్చలు చాలు. కాని ఆ మచ్చల రెక్కలవాటిలోనూ అన్నీ జ్వరం మోయవు. ఏ దోమ నీళ్ళలో మందు చల్లాలో మునిసిపాలిటీకి చెప్పడానికి మచ్చలు చాలవు.

తాత్పర్యం

ఎండలు మండే దేశంలో పళ్ళెం మీద వాలిన ఈగను తోలకముందు దాని మూతి మీసాలు లెక్కపెట్టడం మంచిదని భావం. ఆ తర్వాత ఆ అన్నం తినవచ్చునా అన్నది కవి చెప్పలేదు. మూలంలో లేనిది చెప్పే అధికారం టీకాకారుడికి లేదు.