అంకె అలిగిన వేళ
సిద్ధాంత గ్రంథమున పటములకు స్వహస్తముతో సంఖ్యలు వేసికొనుట నామోషీ యని తలంచి, ఆ భారమునంతయు వర్డ్ అను లేఖన సాధనమునకు అప్పగించి నిశ్చింతగా నిద్రించు పండితులకు తెలియని రహస్యమొకటి కలదు: పటము క్రింద కనబడు ఆ అంకె అంకె కాదు, ఫీల్డ్ అనబడు మాయావేషధారి. నడుమ నొక క్రొత్త పటమును శీర్షికతో చేర్చినచో దాని తరువాతి శీర్షికలు బుద్ధిగా సంఖ్యలు మార్చుకొనును గాని, వాక్యమధ్యమున 'పటము 7 చూడుడు' అని క్రాస్-రిఫరెన్సుగా చేర్చిన మాట (అదియు ఫీల్డే) మాత్రము, ఎఫ్9 మీట నొక్కి బ్రతిమాలు వరకు, అలుకపాన్పెక్కిన అల్లునివలె కదలదు, మెదలదు. ఆ 7వ పటమును శీర్షికతో సహా తొలగించి మీట నొక్కితిరా, చూడవలె దాని ప్రతాపము! 'ఎర్రర్! రిఫరెన్స్ సోర్స్ నాట్ ఫౌండ్' అని బొద్దక్షరములతో, సరిగా పర్యవేక్షకుని కంటబడు చోటనే, ఎలుగెత్తి చాటును. (మూలము దొరకలేదని ఇంత నిజాయితీగా ఒప్పుకొన్న పరిశోధకుని నేనింతవరకు చూడలేదు.) చేతితో వేసిన అంకె తప్పయినను నోరు మూసికొని యుండెడిది. అయ్యా, ముద్రణకు పంపుటకు ముందు కంట్రోల్ ఏ, పిదప ఎఫ్9 నొక్కి, 'ఎర్రర్' అను మాటను ఒకమారు వెదకుడు. ఆ నొక్కు అధోజ్ఞాపికలకు సోకదు గనుక, వాటిలోనికి దిగి మరల వేరుగా నొక్కవలెను.