మూడో అంతస్తు

మా తాతకు ఇంగ్లీషు రాదు. రాత్రిపూట నేను ఇంగ్లీషు నవల తీసి, ఒక్కో పేజీ చదివి తెలుగులో చెబుతుంటే గోడకు ఆనుకుని వినేవాడు. కోలార్ బంగారు గనుల్లో, ఛాంపియన్ రీఫ్ దగ్గర కార్మికుల లైన్లలో మా ఇల్లు. బెంగుళూరు నుంచి నాన్న వచ్చే రైలు చేరేదాకా మా ఇద్దరికీ ఆ కథే తోడు.

హ్యూ హౌవీ అనే అమెరికన్ 2011లో మొదలుపెట్టిన 'వూల్' అది. భూమి మీద గాలి విషమైపోయింది. మిగిలిన జనం నేలలోకి దిగిన 144 అంతస్తుల గోతిలో తరతరాలుగా బతుకుతుంటారు. బయటికి పోవాలని నోరు జారినవాళ్లకు సూటు తొడిగి పైకి పంపేస్తారు. వాళ్లు అక్కడి కెమెరా అద్దాలు తుడిచి, కాస్త దూరం నడిచి, కూలిపోతారు.

గాలి విషమనగానే తాత కిటికీ వైపు చూశాడు. ఎదురుగా సైనైడ్ దిబ్బ. బంగారం లాగేసుకుని పారబోసిన మట్టి కొండలా పెరిగింది. గాలి తిరిగితే ఆ దుమ్ము మా అన్నం గిన్నెల్లోకీ వస్తుంది.

"నూటా నలభై నాలుగు అంతస్తులంటే ఎంత లోతు పాపా?"

అంతస్తుకు పదడుగులు వేసుకున్నా అర కిలోమీటరు దాటదన్నాను. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటింది. "మా లోతుకు అది ఏ మూలకు!" అన్నాడు తాత.

ఆ రాత్రి కథ ఆగిపోయి తాత కథ మొదలైంది. పైనుంచి చల్లగాలి పంపినా అడుగున బండ కాలుతూనే ఉండేదట. ఒక్కోసారి ఒత్తిడికి ఆ బండే పేలేది. ఆ అదురుకు పైన ఇళ్లలో గూట్లోని గిన్నెలు దొర్లేవి. గిన్నె చప్పుడు వింటే చాలు, ఆడవాళ్లు పొయ్యి మీదిది పొయ్యి మీదే వదిలి షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవారు. అలా ఒకసారి మా అవ్వ నాన్నను చంకనేసుకుని పొద్దుగూకేదాకా అక్కడే నిలబడిందట. గనిలోంచి మనుషుల్ని మోసుకొచ్చే కేజ్ పైకొచ్చింది. తాత దిగాడు. పక్కన పనిచేసినవాడు దిగలేదు. ఆ సాయంత్రమే బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు, వీణ్ణి కిందికి దిగనివ్వనని.

"కేజ్ లోంచి దిగినోడు ఎవడైనా ముందు పైకి చూస్తాడు పాపా. ఎండ గానీ, చుక్కలు గానీ. ఆకాశం చూసినాకే బీడీ, ఇల్లు, పెండ్లాం."

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నాన్న కూడా ఊళ్లోని వేలమందిలాగే తెల్లవారకముందే బెంగుళూరు రైలెక్కడం నేర్చుకున్నాడు. చీకట్లో పోతాడు, చీకట్లో వస్తాడు. పెద్ద మాల్‌లో ఉద్యోగం, మూడో అంతస్తు అని తాతకు చెప్పాడు. "మావాడు మూడో అంతస్తులో చేస్తాడు" అని తాత లైనంతా చెప్పుకున్నాడు. ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటూనే ఉన్నాడు. కాలేజీ రోజుల్లో ఒక్కసారి నేను నాన్న పనిచేసే చోటికి వెళ్లాను. ఇంటికొచ్చి తాతకు ఏమీ చెప్పలేదు.

నవలలో నాకు బాగా నచ్చిన మనిషి జూలియెట్. అట్టడుగున జనరేటర్ల దగ్గర పనిచేసే మెకానిక్. ఆమెనూ పైకి పంపేస్తారు. సూటు అతుకులకు చుట్టే టేపు కావాలనే నాసిరకంది వాడతారు, విషగాలి తగిలి తెగిపోవాలని. జూలియెట్‌కు మాత్రం కింద ఉన్న స్నేహితులు గట్టి టేపు అందేలా చేస్తారు. ఆమె బతుకుతుంది.

"కిందోళ్లు మోసం చెయ్యరు," అన్నాడు తాత. "పక్కనోడు నిలబెట్టిన దుంగ కిందే కదా మన తల."

తర్వాత హెల్మెట్ సంగతి చెప్పాలి. బయటికి పంపేవాళ్ల హెల్మెట్ లోపల ఒక తెర ఉంటుంది. అందులో నీలాకాశం, పచ్చగడ్డి కనబడతాయి. అంతా అబద్ధం. పాపం, వాళ్లు అది నిజమనుకుని, లోపల ఉన్న తమవాళ్లు కూడా చూడాలని ఆ అద్దాలు తుడుస్తారు. ఇది చెబుతుంటే నా గొంతు పూడుకుపోయింది. నీళ్లు తాగి వచ్చి మిగతాది గబగబా ముగించాను.

అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడు. నాన్న వచ్చాడు. చొక్కా నుంచి ఎప్పటిలాగే కార్ల పొగ వాసన. సంచి అరుగు మీద పెట్టి, లోపలికి రాకుండా కాసేపు వాకిట్లోనే నిలబడి తలెత్తి చుక్కల వైపు చూశాడు. రోజూ అంతే.

తాత అతణ్ణే చూస్తున్నాడు. నాన్న కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయేదాకా ఆగి, నా చేతిలో పుస్తకం మెల్లగా మూసి, గొంతు తగ్గించి అడిగాడు:

"పాపా, మీ నాయన చేసే ఆ మూడో అంతస్తు... పైకి లెక్కా, కిందికి లెక్కా?"