ఒక ఆర్ తక్కువైంది

మా నాన్నగారు తెలుగు మాస్టారు. శుభలేఖ చేతికొస్తే ముహూర్తం ఎప్పుడో తర్వాత, ముందు ముద్రారాక్షసాలు వెతికేవారు. పొలం అన్నయ్యకి పోయింది, ఆ దురద నాకొచ్చింది.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో కోడ్ దిద్దేంత ధైర్యం నాకు లేదు. అందుకని దాని మాన్యువళ్ల మీద పడ్డాను. మొన్న ఒకదాంట్లో ‘రిసీవ్’ స్పెల్లింగులో ఐ, ఈ తారుమారయ్యాయి. పుస్తకమైతే పెన్సిలుతో దిద్ది ఊరుకుంటాం. ఇక్కడ ప్రాజెక్టు మొత్తాన్ని ఫోర్క్ చేసి, బ్రాంచి తీసి, కమిట్ చేసి, ‘నా మార్పు కలుపుకోండి’ అని పుల్ రిక్వెస్టు పెట్టాలి. పైగా ‘ఈ మార్పు ఇచ్చే హక్కు నాకుంది’ అంటూ కింద పేరు రాయాలి. ఐ, ఈల మీద నాకేం హక్కో మరి! ఆపైన 17 నిమిషాల ఆటోమేటిక్ పరీక్షలు.

‘‘దీనికెంతిస్తారు?’’ అంది మా ఆవిడ.

‘‘డొనాల్డ్ కనూత్ అనే ఆయన తన పుస్తకాల్లో తప్పు పట్టినవాళ్లకి 2.56 డాలర్లు ఇస్తాడు. 2008 నుంచి మాత్రం లేని బ్యాంకు పేరున రాసిస్తున్నాడు.’’

‘‘మరి ఆయన పుస్తకాలే చదవొచ్చుగా?’’

‘‘అర్థం కావద్దూ!’’

రిసీవ్‌ని ఒప్పుకునేసరికి నా కళ్లు నెత్తికెక్కాయి. అదే మాన్యువల్‌లో ‘రిఫరర్’ కనబడింది. నడుమ జంట ఆర్ ఉండాల్సినచోట ఒకటే ఉంది, అదీ 41 చోట్ల. రాత్రి ఒంటిగంటదాకా కూర్చుని అన్నీ దిద్దాను.

పొద్దున్నే జవాబొచ్చింది. తప్పేనట, కానీ అదే రైటట. ఏ లింకు పట్టుకుని వచ్చామో బ్రౌజరు సర్వరుకి చెప్పే హెడరు పేరది. 1996లో హెచ్‌టీటీపీ 1.0 పత్రం వెలువడేనాటికే ఒక ఆర్ జారిపోయింది. అప్పటినుంచి బ్రౌజర్లూ సర్వర్లూ ఆ తప్పుతోనే పలకరించుకుంటున్నాయి. ఇప్పుడు దిద్దితే ఒకదాని మాట ఒకదానికి తెలియదు. ఇంకా వింత, తర్వాత పుట్టిన ‘రిఫరర్-పాలసీ’ హెడరుకి రెండు ఆర్‌లూ భద్రంగా ఉన్నాయి. రెండూ ఒకే పేజీలో కాపురం.

వాదిద్దామని కూర్చున్నాను గానీ నా పదో తరగతి సర్టిఫికెట్ గుర్తొచ్చింది. ఇంగ్లీషులో సుబ్రహ్మణ్యం రాస్తూ ఎవరో హెచ్ మింగేశారు. ఊళ్లో అందరి తప్పులూ దిద్దే నాన్నగారు మూడుసార్లు ఆఫీసుకి తిరిగి, ‘‘పోనీరా, మిగతావన్నీ దీన్ని బట్టే రాయించేద్దాం’’ అన్నారు. పాన్ కార్డు, పాస్‌పోర్టు, చివరికి ఇంటి రిజిస్ట్రేషనూ అలాగే అయ్యాయి.

పుల్ రిక్వెస్టు మూసేశాను. ఆ 41 దిద్దుబాట్ల కింద నా సంతకమూ హెచ్ లేకుండానే ఉంది.