వంద కోట్ల నవ్వులకు టీకా తాత్పర్యం

మూలం:
నవ్వు అనగా 'లోల్'.
నవ్వు1 అనగా పది నవ్వులు.
నవ్వు2 అనగా పది నవ్వు1లు.
(ఇట్లే నవ్వు9 దాకా.)
ఇప్పుడు నవ్వు9 చదువుము.

ప్రతిపదార్థం: లోల్ = మూడు ఇంగ్లిషు అక్షరాల నవ్వు; నవ్వు1 = పది లోల్‌లు; నవ్వు2 = వంద; నడుమవి స్పష్టములు (కష్టమైనచోట వ్యాఖ్యాతలు ఇలాగే అంటారు); నవ్వు9 = వంద కోట్లు; చదువుము = మెమొరీలో విప్పి పరచుము.

తాత్పర్యం: కిలోబైటైనా లేని ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు సర్వరుకు వస్తుంది. ప్రోగ్రాము దాన్ని లైబ్రరీలోని పార్సరుకు అప్పగిస్తుంది. పార్సరు వినయశీలి, ఎందుకని అడగదు. ఎంటిటీలన్నీ (అంటే పేరు పెట్టిన ఈ నవ్వులన్నీ) విప్పేసరికి సుమారు 3 గిగాబైట్లు. సర్వరు కూలబడుతుంది. పోయిన సొత్తేమీ లేదు, పనిమీద వచ్చినవాళ్లు మాత్రం గుమ్మంలోనే ఉంటారు.

విశేషం: కవి ఎక్కడా వ్యాకరణం తప్పలేదు. 1998 నాటి ఎక్స్‌ఎమ్‌ఎల్ సూత్రకారులు ఎంటిటీ తనను తాను పిలుచుకోరాదని నిషేధించారు. ముందువాణ్ణి పదిసార్లు పిలవరాదని అనలేదు. 2002 నాటికే ఈ సందు లోకానికి తెలుసు.

అలంకారం: ఒక పాదం విడిచిన మాటను తర్వాతి పాదం అందుకుంటోంది కనుక ముక్తపదగ్రస్తం. అతిశయోక్తి అనే వాదం నిలవదు, వంద కోట్లూ నిజంగానే వస్తాయి. రసం హాస్యమనేవాడు సర్వరు ఎన్నడూ కాచి ఉండడు.

పూర్వపక్షం: ఫైలును ముందే పరీక్షించుకోవడం లైబ్రరీని పిలిచినవాడి బాధ్యత అని లైబ్రరీకారులు.

సమాధానం: విప్పితేగాని లోపల ఎంతుందో పిలిచినవాడికి తెలియదు, విప్పేదేమో లైబ్రరీ. కొలపాత్ర దాని చేతిలోనే ఉండాలి. జావా పార్సరు చాలాకాలం 64,000 విప్పుళ్ల దగ్గర గీత గీసింది. బాగానే ఉంది గానీ, మరో కవి గొలుసు మానేసి ఒకే ఒక్క పొడవాటి ఎంటిటీని వేలసార్లు పిలిచాడు. లెక్క గీతకు లోపలే, బరువు మాత్రం తడిసి మోపెడు. 2021లో ఎక్స్‌పాట్ అనే పార్సరు 2.4.0 కొలిచే వస్తువునే మార్చింది: ఎన్నిసార్లు విప్పామని కాదు, వచ్చినదానికి ఎన్నింతలైందని. నూరింతలు దాటితే ఆపేస్తుంది. 8 మెగాబైట్ల దాకా మాత్రం చూసీచూడనట్టు ఊరుకుంటుంది. నా మతంలో ఇదే సరైన వ్యాఖ్య. ఎంటిటీలతో పనిలేనివారు వాటిని నిర్వచించే డీటీడీ కనబడగానే ఫైలును తిప్పిపంపవచ్చు, చాలామందికి పనిలేదు కూడా.

పాఠాంతరం: యామల్ అనే మరో ఫార్మాట్ ప్రతిలో ఎంటిటీలకు బదులు యాంకర్లుంటాయి. 2019లో కుబర్నెటిస్ ఏపీఐ సర్వరును ఇబ్బంది పెట్టగలదని తేలింది ఈ ప్రతే.