పచ్చలైటు పందెం

ఎర్రలైటు పక్కన అంకెలు పది నుంచి కిందికి దిగుతుంటే నిజామాబాద్‌లో మనుషుల మొహాలే మారిపోతాయి. ఐదు దగ్గర ఫోన్లు జేబుల్లోకి పోతాయి. నాలుగు దగ్గర గుట్కా ఉమ్మడం పూర్తవుతుంది. మూడు దగ్గర బళ్లన్నీ ఫస్టు గేరులో పడతాయి. రెండు దగ్గర సగం మంది తెల్లగీత దాటేసి ఉంటారు. ఒకటి అనే అంకెను చూసినవాడు మా జిల్లాలో ఇంకా పుట్టలేదు. ఆ తర్వాత అంకాపూర్ కోళ్ల ముందు గుప్పెడు జొన్నలు చల్లినట్టే.

ఈ పందెంలో మా బామ్మర్దిని మించినవాడు లేడు. పుట్టింది బాల్కొండలో. దుబాయ్‌లో కొన్నేళ్లు కంపెనీ వ్యాను నడిపి, తిరిగొచ్చి బుల్లెట్ కొన్నాడు. వాడి వెనక కూర్చున్నవాడు సిగ్నల్ దగ్గర దేవుణ్ణి తలుచుకోవడం మొదలుపెడితే, దండం పూర్తయ్యేలోపు తర్వాతి సిగ్నల్ వస్తుంది. మెల్లగా తియ్యరా అంటే వాడికి పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఎర్రలైటు పడితే ఆగిన గద బావా. పచ్చది పడ్డంకనే తీసిన. గంత జోరుగ తియ్యొద్దని ఏ చట్టంల రాసిండ్రు? సూపెట్టు!"

అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ముందేసుకుని కూర్చున్నాను.

మొదట దొరికింది 183వ సెక్షను, అతివేగానిది. చట్టం ప్రకారం పెట్టిన వేగ పరిమితి దాటితేనే అది పట్టుకుంటుంది. మా ఊళ్లలో ఒక సిగ్నల్‌కూ ఇంకో సిగ్నల్‌కూ మధ్య ఉన్న జాగాలో, అడ్డొచ్చే ఆటోలూ ఆవులూ పోను, ఆ వేగం అందుకోవడం బుల్లెట్ వల్ల కూడా కాదు. ఇక సున్నా నుంచి నలభైకి మూడు సెకన్లలో పోయావా, ముప్పై సెకన్లలో పోయావా అన్న లెక్క ఆ సెక్షనులో లేదు. బామ్మర్ది మీసం మీద చెయ్యేశాడు.

పేజీ తిప్పితే 184 వచ్చింది. ప్రమాదకరంగా నడపడం. ఇది వేగాన్ని మాత్రమే కాదు, నడిపే తీరును కూడా అడుగుతుంది. ఆ చోటు ఎలాంటిది, రోడ్డు ఎలా ఉంది, అప్పుడు అక్కడ ఎంత రద్దీ ఉంది అని చూడమంటుంది. అంతటితో ఆగితే బామ్మర్దికి ఏదో ఒక సందు దొరికేది. కానీ అక్కడ ఉన్న రద్దీతో పాటు ఉండొచ్చని అనుకోదగ్గ రద్దీని కూడా లెక్కలోకి తీసుకోమంటుంది చట్టం. అంటే రోడ్డు దాటుతున్న ముసలమ్మనే కాదు, ఇంకా రాని ముసలమ్మను కూడా మనసులో పెట్టుకుని యాక్సిలరేటర్ తిప్పాలి. ఇంత ముందుచూపు మా పెళ్లి సంబంధాల పేరయ్యకు కూడా లేదు.

2019లో ఈ సెక్షనుకు ఇంకొంత కండ పెట్టారు. ఎర్రలైటు దూకడం, చేత్తో ఫోను పట్టుకుని నడపడం, ఎదురు దిక్కున రావడం పేరుపేరునా చేర్చారు. జాగ్రత్త తెలిసిన మంచి డ్రైవరు నడిపేదానికన్నా బాగా కింది రకంగా నడిపినా ఇదే సెక్షను. మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

తర్వాత 189. రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా రోడ్డు మీద పందెం పెట్టుకోవడం, వేగాన్ని పరీక్షించుకోవడం నేరం. మొదటిసారికి మూడు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ.

"మేము పందెం పెట్టుకోలే బావా. పక్క బండోడు నా దిక్కు చూసిండు, నేను వాని దిక్కు చూసిన. గంతే."

పందెం అంటే కప్పూ, రిబ్బనూ, ముఖ్య అతిథీ ఉండాలని చట్టం ఎక్కడా అనలేదు. మా దగ్గర సిగ్నల్ కింద పందేలన్నీ చూపులతోనే కుదురుతాయి.

వాణ్ణి నిజంగా ఇరుకున పెట్టింది చట్టం కాదు, నేనడిగిన ఒక్క మాట. "దుబాయ్‌ల గిట్లనే తీస్తుంటివా?"

"అయ్యో! గాడ గట్ల నడుస్తదా?" అని వాడే వివరం చెప్పుకొచ్చాడు. బండి మోత ఎక్కువైతే 2,000 దిర్హాములు, లైసెన్సు మీద 12 నల్ల పాయింట్లు. జనం ప్రాణాల మీదికి తెచ్చేలా నడిపితే 2,000 దిర్హాములు, 23 పాయింట్లు, పైగా బండి 60 రోజులు పోలీసుల దగ్గరే. 24 పాయింట్లు నిండితే లైసెన్సు పక్కన పెట్టుకోవాల్సిందే. లైసెన్సు పోతే డ్రైవరు కొలువు పోతుంది, కొలువు పోతే విమానం టికెట్టే. అందుకని అక్కడ అన్నేళ్లూ వ్యానును కొత్త పెళ్లికూతురంత నెమ్మదిగా కదిలించాడట. మనిషి అతనే, కుడిచెయ్యీ అదే. శంషాబాద్‌లో దిగంగానే ఆ చేతికి స్వాతంత్ర్యం వచ్చింది.

అమెరికా పోయిన మా వాళ్ల పిల్లలకు ఇంకో చిక్కుంది. కాలిఫోర్నియా వాహన చట్టంలో 23109 అని ఒక సెక్షను. దాని ప్రకారం పందెం లేకపోయినా సరే, రోడ్డు మీద వేగాన్ని ప్రదర్శించడమే నేరం. పచ్చలైటు పడగానే టైర్లు కీచుమనిపించి పక్కవాళ్లకు గొప్ప చూపిస్తే 90 రోజుల దాకా జైలు, 500 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. మా బామ్మర్ది అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పిన చట్టం అదే. మన చట్టం మాత్రం చుట్టూ తిరిగి వచ్చి మెడ పట్టుకుంటుంది.

అసలు గండం ఎక్కడుందంటే, నీకు పచ్చ పడిన ఆ మొదటి రెండు సెకన్లలోనే. అడ్డరోడ్డు మీద అప్పుడే పసుపు లైటు పోయి ఎరుపు పడి ఉంటుంది. డెట్రాయిట్‌లో విలియం పాట్స్ అనే పోలీసు అధికారి 1920లో ఎరుపుకూ ఆకుపచ్చకూ మధ్యన ఈ మూడో దీపం పెట్టిన నాలుగు దిక్కుల సిగ్నల్ నిలబెట్టాడు, ఆగడానికి కాస్త వ్యవధి ఉండాలని. మనవాళ్లు దాన్ని ఉరకడానికి ఇచ్చిన గడువుగా తీసుకున్నారు. పసుపు ధర కోసం ఏళ్ల తరబడి ధర్నాలు చేసిన జిల్లా మాది. కానీ సిగ్నల్ మీది పసుపుకు ఇక్కడ చిల్లిగవ్వ విలువ లేదు. అటు పసుపులో దూకిన వీరుడూ, ఇటు పచ్చ పడకముందే దూకిన వీరుడూ చౌరస్తా నడుమ కలుసుకుంటారు. ఇద్దరూ నాదే రైటు అంటారు, మాట్లాడే స్థితిలో ఉంటే.

వరుసలో నిలబడటం మాకు చేతకాదనుకోకండి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 185 మంది పోటీ చేశారు, అందులో ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులే. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పేర్చాల్సి వచ్చింది. అంతమంది ఒకే బరిలో ఉన్నా ఎవరి వరుస నంబరులో వారు బుద్ధిగా ఉన్నారు. అదే 185 మందిని ఒక ఎర్రలైటు కింద నిలబెట్టి చూడండి!

ఈ తొందర ఎందుకో కూడా అర్థం కాదు. మా బాల్కొండ మీదుగా పోయేది 44వ నంబరు జాతీయ రహదారి. శ్రీనగర్ దగ్గర మొదలై కన్యాకుమారి దాకా పోతుంది. కశ్మీరు నుంచి ఆపిల్ పండ్లతో వచ్చే లారీ డ్రైవరు దాబా దగ్గర ఆగి, చాయ్ తాగి, టైర్లు తట్టి చూసుకుని నిదానంగా బయలుదేరుతాడు. నిజామాబాద్‌లో బామ్మ కళ్లద్దాలకు గాజు మార్పించడానికి పోయేవాడికే ఎక్కడలేని ఆత్రం.

ఇదంతా విని బామ్మర్ది చివరి బాణం వేశాడు. "మెల్లగ తీద్దామంటే ఎనకోడు హారన్ కొట్టి సంపుతడు బావా!"

ఇది మాత్రం ఒప్పుకోవాల్సిన మాట. పచ్చలైటు వెలుగు మన కంటికి చేరేలోపే వెనకవాడి హారన్ చెవికి చేరుతుంది. అయితే చట్టం వాణ్ణీ వదల్లేదు. 194ఎఫ్ అని 2019లో చేర్చిన సెక్షను ఒకటుంది. అక్కర లేకుండా, ఆపకుండా, భద్రతకు కావలసినదానికన్నా ఎక్కువగా హారన్ కొడితే మొదటిసారి 1,000, మళ్లీ చేస్తే 2,000 రూపాయలు. పొగను సైలెన్సర్‌లోంచి కాక అడ్డదారిన వదిలి మోత మోగించే బళ్లకూ ఇదే సెక్షను. చూడబోతే జోరుగా తీసేవాడికన్నా, తియ్యమని తరిమేవాడికే చట్టం స్పష్టంగా పేరు పెట్టింది.

కాబట్టి తీర్పు ఇది. పచ్చలైటు పడ్డాక జోరుగా తీయడం అన్న నేరం పుస్తకంలో ఆ పేరుతో లేదు. జనానికి ప్రమాదమైతే 184, పక్కవాడితో పోటీ అయితే 189, మోత మోగిస్తే 194ఎఫ్. ఈ మూడూ లేకుండా మా ఊరి చౌరస్తాలో జోరుగా తీయగలిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. పచ్చ పడ్డాక కుడీ ఎడమా ఒకసారి చూసి కదలండి. వెనకవాడు హారన్ కొడితే కొట్టుకోనివ్వండి, జరిమానా వాడిది.