బిగింపు బావ

కొత్త సైకిల్ ఇంటికొచ్చిన సాయంత్రానికే దానికి ఏదో తక్కువైందని బిగింపు బావకు తెలిసిపోతుంది. ఏం తక్కువైందన్నది తర్వాత తేలుతుంది, ముందు స్పానర్లు బయటికొస్తాయి. ఇలాంటి బావ తెలుగువాళ్లున్న ప్రతి ఊళ్లోనూ కనీసం ఒకడుంటాడు. అండమాన్, నికోబార్ దీవుల్లో 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లిన మత్స్యకార కుటుంబాలవాళ్లు. కాబట్టి పోర్ట్ బ్లెయిర్‌కు ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్న వండూరులో బావ లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. (పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది, జనం నోళ్లలో ఇంకా పాతదే తిరుగుతోంది.) ఆ మాటకొస్తే వండూరు పేరే బయటినుంచి తెచ్చి బిగించింది. 1921 మలబార్ తిరుగుబాటు తర్వాత ఇక్కడికి ద్వీపాంతరం పంపిన మాప్పిళ్లలు తమ ఊళ్లను వదల్లేక వాటి పేర్లు వెంట తెచ్చుకున్నారు. మంజేరి, తిరూర్, కాలికట్, వండూర్ అన్నీ అలా వచ్చినవే. ఉన్నదానికి ఏదో ఒకటి తగిలించాలన్న తపనకు ఇక్కడి నేల కొత్తేమీ కాదన్నమాట.

బావ సైకిల్‌ని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. మనిషి కంటే ముందు హ్యాండిల్ కనిపిస్తుంది. దానికి రెండు అద్దాలు, రెండూ బావ మొహాన్నే చూపిస్తాయి. ఒక బెల్లు, బెల్లు వినిపించని వాళ్ల కోసం రబ్బరు హారను, చీకటిపడితే వెలిగే టార్చి ఒకటి, అది వెలగనప్పటికి ఇంకోటి. పిడుల చివర రంగురంగుల ప్లాస్టిక్ కుచ్చులు. ఇరుసుల మీద తిరుగుతూ వాటంతటవే దుమ్ము దులుపుకునే రంగు బ్రష్షులు, సీటుకు పూలగుడ్డ, వెనక మడ్‌గార్డు కింద రబ్బరు రెక్క. వండూరు జెట్టీ నుంచి జాలీబాయ్ దీవికి పడవెక్కే పర్యాటకుల సంచుల్ని ప్లాస్టిక్ కోసం వెతుకుతారు. అక్కడిది మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానం, 1983లో ఏర్పడింది, పదిహేను దీవులు, పగడపు దిబ్బలు, నియమాలు గట్టివి. సైకిల్‌ని పడవెక్కించే ఆచారం లేదు కాబట్టి సరిపోయింది గానీ, బావ హ్యాండిల్‌ని సోదా చేయాలంటే పడవ ఆ పూట కదలదు.

ఇదంతా సోకు అని కొట్టిపారేసేవాళ్లు బావను తక్కువ అంచనా వేస్తున్నారు. సోకుకు ఎక్కడో ఒకచోట తృప్తి ఉంటుంది. బావకు ఉండదు. నేను చెప్పదలచుకున్నది ఒకటే: బావ చేసే ప్రతి మార్పూ సైకిల్‌లో ఉన్న లోపానికి మందు కాదు, అంతకు ముందు తాను చేసిన మార్పుకు మందు. గొడుగునే తీసుకోండి. ఈ దీవుల్లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది, విశాఖలో పడేది అందులో సగం కూడా ఉండదు. అందుచేత గొడుగు గుచ్చుకోవడానికి హ్యాండిల్‌కి ఒక గొట్టం బిగించడం న్యాయమే అనిపిస్తుంది. అయితే గొడుగు గాలికి తెరచాపై హ్యాండిల్‌ని పక్కకి లాగేస్తుంది. పట్టు కోసం ఇంకా వెడల్పాటి హ్యాండిల్ కావాలి. హ్యాండిల్ మారిస్తే పాత కడ్డీ బ్రేకు అందదు, తీగ బ్రేకు వేయాలి. కడ్డీ బ్రేకు సైకిల్ రిమ్ముకు పక్కలు గుండ్రంగా ఉంటాయి. దాని బ్రేకు దిమ్మలు రిమ్మును లోపలివైపు నుంచి పట్టుకుంటాయే గానీ పక్కల నుంచి కాదు. తీగ బ్రేకు దిమ్మలు ఆ గుండ్రటి పక్కల మీద నిలవక జారిపోతాయి. కాబట్టి రిమ్ములు మార్చాలి. దొరికినవి 26 అంగుళాలవి, సైకిల్ 28ది. ఇప్పుడు బండి అంగుళం మేర కిందికి దిగింది, మలుపులో పెడల్ నేలకు గీసుకుంటోంది. పెడల్‌కి ఏదో ఒకటి చేయాలి. చేసేదాకా బావ ఒక చేత్తో గొడుగు పట్టుకుని, ఇంకో చేత్తో సైకిల్ నెట్టుకుంటూ వానలో నడిచి వెళతాడు. మొదట్లో ఇతనికి కావలసింది తడవకుండా వెళ్లడం. అది గొడుగు ఒక్కదానితోనే తీరిపోయేది.

పళ్లచక్రం కథ ఇంతకంటే పొట్టిది. మామూలు పెద్ద సైకిల్‌కి ముందు 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కి 18 పళ్లు ఉంటాయనుకుందాం. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు ఐదున్నర మీటర్లు పోతుంది. బావ ముందు 48, వెనక 16 వేస్తాడు. ఇప్పుడు అదే చుట్టుకు ఆరు మీటర్ల డెబ్బై సెంటీమీటర్లు. ఈ లెక్క బావకు కంఠతా వచ్చు, అడగకపోయినా చెబుతాడు. కాలి మీద పడే బరువు ఐదో వంతుకు పైగా పెరిగిందన్నది ఆ లెక్కలోనే ఉన్న రెండో సగం, అది చెప్పడు. దక్షిణ అండమాన్ రోడ్లు గుట్టలెక్కి దిగుతూ పోతాయి. దిగేటప్పుడు 44 పళ్ల సైకిలూ 48 పళ్ల సైకిలూ ఒకే వేగంతో దిగుతాయి, ఎందుకంటే అప్పుడు ఎవరూ తొక్కరు. ఎక్కేటప్పుడు బావ దిగి నెడతాడు. అలా నెడుతున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే చైను కొత్తదని, ఇంకా సర్దుకోవాలని జవాబు.

సముద్రం కూడా బావకు వ్యతిరేకంగానే సాక్ష్యం చెబుతుంది. 2004 డిసెంబర్ 26 భూకంపంతో దక్షిణ అండమాన్ నేల సుమారు మీటరు కుంగింది. పల్లపు పొలాల్లోకి పోటు నీరు వచ్చి ఉండిపోయింది. ఉప్పుగాలి ఇక్కడ ఎప్పుడూ ఉంది, ఉప్పునీరు ఇంకాస్త దగ్గరైంది. ఉప్పు నేలలో తిరిగే సైకిల్‌కి మంచి చేయాలంటే దాని మీద నీరు నిలిచే చోట్లు తగ్గించాలి. బావ పెంచుతాడు. ప్రతి క్లాంపు కిందా, ప్రతి రబ్బరు తొడుగు లోపలా, చుట్టిన ప్రతి రంగు టేపు మడతలోనూ తడి దాక్కుంటుంది. ఇనుప గొట్టం మీద అల్యూమినియం క్లాంపు వేస్తే ఉప్పునీటి సమక్షంలో ఆ రెండు లోహాలు బ్యాటరీలా పనిచేసి, అల్యూమినియం తెల్లటి పిండిగా పొంగి పట్టేస్తుంది. తర్వాత ఆ బోల్టు స్పానరుకు లొంగదు, రంపానికే లొంగుతుంది. టార్చి వెలగడం మానేసినా టార్చి క్లాంపు మాత్రం శాశ్వతం. బావ సైకిల్ మీద పనిచేయని సామాన్లు అన్ని ఉండటానికి కారణం అతని మమకారం ఒక్కటే కాదు, రసాయనశాస్త్రం కూడా.

ఇక్కడ చదువుకున్న బావలు ఒక అభ్యంతరం లేవదీస్తారు. లోకంలో సైకిల్ బాగుపడిందే ఇలాంటి పెరటి పనులతో కదా అంటారు. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ 1880ల చివర్లో కొడుకు మూడుచక్రాల బండికి గాలి టైరు చేయలేదా? కాలిఫోర్నియా కుర్రాళ్లు 1970లలో పాత ష్విన్ సైకిళ్లను కొండ దిగడానికి మలిస్తేనే కదా మౌంటెన్ బైక్ పుట్టింది? నిజమే. డన్‌లప్ పేటెంటు తర్వాత చెల్లలేదనీ, రాబర్ట్ థామ్సన్ అనే ఆయన ఆ ఉపాయానికి 1845లోనే పేటెంటు తీసుకున్నాడనీ గుర్తుచేసి బావ ఉత్సాహం మీద నీళ్లు చల్లడం నా ఉద్దేశం కాదు. కానీ వాళ్లు ఏం చేశారో కాస్త దగ్గరగా చూడాలి. డన్‌లప్‌కి ఒకే కష్టం ఉంది, బండి కుదుపు. అది తగ్గగానే ఆగాడు, పిల్లవాడి బండికి కుచ్చులు కట్టలేదు. కాలిఫోర్నియావాళ్లు మొదట చేసిన పని మడ్‌గార్డులు, చైన్ కవరు, స్టాండు ఊడబెరకడం. 1976లో వాళ్లు మొదలెట్టిన కొండవాలు పందేనికి రీప్యాక్ అని పేరు, ఎందుకంటే ఒకసారి దిగేసరికి వెనక హబ్బులోని బ్రేకు వేడికి గ్రీజు మాడిపోయి మళ్లీ కూరాల్సి వచ్చేది. అంటే కష్టం వాళ్ల ఎదురుగా పొగలు కక్కుతూ నిలబడింది. 1954లో దియెన్ బియెన్ ఫూ యుద్ధానికి వియత్నాంవాళ్లు బియ్యం మోసిన సైకిళ్లకు వేసింది హ్యాండిల్‌కి ఒక వెదురు కర్ర, సీటు దగ్గర ఇంకొకటి. దాంతో రెండు వందల కిలోలకు పైగా నెట్టుకుపోయారు. జార్ఖండ్‌లో బొగ్గు మోసేవాళ్ల సైకిళ్లూ ఇంతే. మన వీధుల్లో కత్తులకు సాన పట్టే అతను సైకిల్‌ని స్టాండు మీద నిలబెట్టి తొక్కితే సానరాయి తిరుగుతుంది, అంతకు మించి దానికి ఒక్క నట్టు ఎక్కువ ఉండదు. వీళ్లందరికీ ముందు బరువుంది, తర్వాత మార్పు వచ్చింది. బావకు మార్పు ముందుంది, దానికి తగిన బరువు కోసం వెతుకుతున్నాడు. ఈ తేడా తెలియకపోతే బొగ్గు మోసే మనిషికి అవమానం, బావకు అనవసరపు గౌరవం.

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది, అది దీవిలోనే పుట్టింది. ఇక్కడ సామాను దొరకదు, చెన్నై నుంచో కలకత్తా నుంచో విశాఖ నుంచో పన్నెండు వందల కిలోమీటర్లు అటూ ఇటూ ఓడలో రావాలి, కాబట్టి ఉన్నదాంతో సరిపెట్టుకోక తప్పదు అంటారు. దీనికి నా జవాబు: సరిపెట్టుకునేవాడు వేరు, బావ వేరు. కాటర్ పిన్ను విరిగితే మేకు సాగగొట్టి ఇల్లు చేరేవాడు సరిపెట్టుకునేవాడు. బాగున్న కాటర్ పిన్నును తీసి పక్కన పెట్టేవాడు బావ. అయితే ఈ వాదనను ఇక్కడే వదిలేస్తే బావకు అన్యాయం చేసినట్టే, ఎందుకంటే అతని వల్ల వండూరుకు నిజంగా ఉపకారం ఉంది. అది అతను అనుకుంటున్న చోట లేదు, అంతే. బావ సైకిల్‌కి తగిలించినవి ఎవరికీ పనికిరావు. సైకిల్ నుంచి తీసినవే ఊరికి పనికొస్తాయి. మంచం కింద రేకు డబ్బాలో అవన్నీ ఉంటాయి: కడ్డీ బ్రేకు కడ్డీలు, సగం చైన్ కవరు, గ్రీజులో ముంచి గుడ్డలో కట్టిన బాల్స్, నలభై చువ్వల వెనక హబ్బు, ముప్పైరెండు చువ్వల ముందు హబ్బు, కాటర్ పిన్నులు. కంపెనీ ఇచ్చినవి, పెద్దగా అరగనివి. ఇవి నానాటికీ అరుదైపోతున్నాయి. అట్లాస్ సైకిళ్ల కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీలో పని ఆపేసింది 2020 జూన్ 3న, అది ప్రపంచ సైకిల్ దినోత్సవం కావడం విధి చేసిన హాస్యం. దుకాణదారు అమ్ముడుపోయే సరుకే తెస్తాడు, పాత పెద్ద సైకిల్ సామాను తెచ్చి తుప్పు పట్టించుకోడు. ఆ నష్టం భరించడానికి ఊళ్లో సిద్ధంగా ఉన్నది బావ ఒక్కడే, అదీ తెలియకుండా.

అందుకే పక్కింటి కుర్రాడు సైకిల్ నడిపించుకుంటూ వస్తాడు. “బావా, నీ డబ్బాలో కాటర్ పిన్ను ఉందేటి?” అంటాడు. “ఉంది గానీ పిన్నెందుకురా, నేనో ఉపాయం చెప్తాను కూర్చో” అంటాడు బావ. “ఉపాయం వద్దు బావా, పిన్ను చాలు.” బావ మనసు చివుక్కుమంటుంది, పిన్ను మాత్రం ఇస్తాడు. ఊరి సైకిళ్లు కంపెనీ పద్ధతిలో తిరుగుతున్నాయంటే బావ సైకిల్ ఆ పద్ధతి తప్పడం వల్లనే. ఈ మాట అతనికి పొగడ్తగా చెబితే ఒప్పుకోడు. ఎవరైనా తన గొడుగు గొట్టాన్ని మెచ్చుకోవాలి.

మరి ప్రమాదం మాటేమిటి, బ్రేకులతో ఆటలా అని పెద్దలు అడుగుతారు. ఆ భయంలో న్యాయముంది. బ్రేకు, ఫోర్కు, ఇరుసు జోలికి బావను రానివ్వకూడదని ఇంట్లోవాళ్లు పట్టుబడితే నేను వాళ్ల పక్షమే. మిగతా వాటికి చట్టమే అతనికి అండ. కారు, మోటారు సైకిల్ అయితే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ మొదట చెప్పిన వివరాలకు భిన్నంగా యజమాని మార్చడానికి వీల్లేదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. సైకిల్ ఆ చట్టంలోకి రాదు. ఒకప్పుడు మున్సిపాలిటీలు సైకిల్‌కి పన్ను వేసి బిళ్ల ఇచ్చేవి, దీపం లేకపోతే పోలీసు ఆపేవాడు, ఆ రోజులూ పోయాయి. సామాన్యుడు తన వాహనాన్ని తన చిత్తానికి పాడుచేసుకునే హక్కు సైకిల్ దగ్గరే మిగిలింది. ఆ హక్కును వాడేవాళ్లు లేకపోతే దాన్ని కూడా ఎవరో ఒకరు తీసేస్తారు. బావ దాన్ని రోజూ వాడుతున్నాడు.

ఇప్పుడు సైకిల్‌కి తగిలించే మోటారు కిట్లు వచ్చాయి, బావ కంట్లో పడ్డాయి కూడా. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోలు మించకుండా ఉంటే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరని నిబంధన. మొదటి రెండింటి విషయంలో బావకు ఏ భయమూ లేదు. అరవై కిలోల దగ్గరే, క్లాంపులతో సహా, ఒకసారి తూకం వేయించుకోవాలి.